సీ సర్వర్‌లో స్ట్రింగ్ కాపీలు: ఫ్రీ చేయాల్సింది ఎవరు?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టుగా సీ భాషలో చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ రాశాను. రాత్రంతా నడిపితే మెమరీ వాడకం పెరుగుతూ పోతోంది. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్‌లో ఉద్యోగం నా కోరిక. దీన్ని సరిచేయాలా, జావాకు మారిపోవాలా?

జవాబు: మారవద్దు. ఈ లోపాన్ని మీరే వెతికి సరిచేస్తే, మీరు కోరుకుంటున్న ఉద్యోగానికి అంతకు మించిన సాధన ఉండదు.

మీరు పంపిన కోడ్‌లో ప్రతి హెడర్ (రిక్వెస్టుతో పాటు వచ్చే వివరం) పేరునూ, విలువనూ స్ట్ర్‌డప్ (strdup) ఫంక్షన్‌తో విడివిడిగా కొత్త మెమరీలోకి కాపీ చేస్తున్నారు. రిక్వెస్టుకు 20 హెడర్లుంటే 40 కాపీలు. సెకనుకు 1,000 రిక్వెస్టులు వస్తే మెమరీని కేటాయించే మాలక్ (malloc) ఫంక్షన్‌ను 40,000 సార్లు పిలవవలసి వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. రిక్వెస్టులో తప్పు కనిపించగానే మీ ఫంక్షన్ మధ్యలోనే వెనుదిరుగుతోంది కనుక, అప్పటివరకు చేసిన కాపీలను ఎవరూ ఫ్రీ చేయడం లేదు, అంటే వాటి మెమరీని విడుదల చేయడం లేదు. మెమరీ లోపాలను పట్టిచ్చే వాల్‌గ్రైండ్ (Valgrind) అనే సాధనం కింద నడిపి, కావాలనే తప్పు రిక్వెస్టులు పంపి చూడండి. ఏ వరుసలో తీసుకున్న మెమరీ తిరిగి రాలేదో అది చూపిస్తుంది.

తర్వాత, ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్ (nginx) వెబ్ సర్వర్ సోర్స్ కోడ్ తెరవండి. అందులో స్ట్రింగ్ అంటే ఒక పొడవు, ఒక పాయింటర్ (మెమరీలో చోటు చిరునామా). హెడర్ విలువను కాపీ చేయకుండా, సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి చదివిన డేటా ఉండే బఫర్‌లోనే అది మొదలయ్యే చోటును గుర్తుపెట్టుకుంటారు. పొడవు చేతిలో ఉంటుంది కాబట్టి పొడవు కొలిచే స్ట్ర్‌లెన్ (strlen) ఫంక్షన్‌తో మళ్లీ మళ్లీ లెక్కించే పని కూడా తప్పుతుంది. కొత్తగా కావలసిన మెమరీని రిక్వెస్టుకు కేటాయించిన పూల్ (ఉమ్మడి మెమరీ నిల్వ) నుంచి తీసుకొని, రిక్వెస్టు ముగియగానే పూల్ మొత్తాన్ని ఒకేసారి విడుదల చేస్తారు. మధ్యలో ఏ దారిన బయటికి వచ్చినా లెక్క తప్పకపోవడానికి కారణం ఇదే.

అయితే కాపీలన్నీ తీసేయాలన్న ఉత్సాహంలో విద్యార్థులు తరచూ ఇంకో గోతిలో పడుతున్నారు, మీరు జాగ్రత్తపడాలి. అదే కనెక్షన్‌పై తర్వాతి రిక్వెస్టు వచ్చి బఫర్‌ను తిరిగి వాడినప్పుడు పాత పాయింటర్లు చెల్లవు. సెషన్ పట్టికలో దాచుకునే కుకీ విలువ బఫర్ కంటే ఎక్కువ కాలం బతకాలి కాబట్టి అక్కడ కాపీ తప్పనిసరి. ప్రతి స్ట్రింగ్ ఎంతకాలం ఉండాలి, దాన్ని ఎవరు విడుదల చేయాలి అన్నది కోడ్ రాయకముందే కాగితం మీద రాసుకోండి.

మార్పుకు ముందూ, తర్వాతా వచ్చిన వాల్‌గ్రైండ్ ఫలితాలను ప్రాజెక్టు రీడ్‌మీలో చేర్చండి. మిగిలిన కాపీల్లో ఒక్కొక్కటి ఎందుకు ఉంచారో, ఇంటర్వ్యూలో అడిగితే కోడ్ చూపిస్తూ వివరించగలగాలి.