పరుగు ప్రశ్నలు: చీకటితో ఒంటరిగా బయల్దేరితే వెంట ఏముండాలి?

జవాబులు: పీడీ మేడం, విజయనగరం

పోయిన నెల మోకాళ్ల నొప్పుల గురించి రాశాను కదా, ఈసారి బూట్ల గురించి అడుగుతారనుకున్నాను. ఉత్తరాలు చూస్తే ఎక్కువమందిది ఒకటే మాట. "తెల్లారకముందే పరుగుకి వెళ్తున్నాం, ఒంటరిగా. ఏం కొనుక్కోమంటారు?" అందుకని బూట్లు వచ్చే నెలకి. మొదటి ఉత్తరం ఇదిగో.

మాది హనుమకొండ. బ్యాంకు ఉద్యోగం. ఉదయం ఐదింటికి బయల్దేరి భద్రకాళి బండ్ దాకా పరిగెత్తి వస్తాను. మా ఆయన ఆన్‌లైన్‌లో ఒక సేఫ్టీ కిట్ తెప్పించారు. అందులో పెప్పర్ స్ప్రే, సైరన్, షాక్ కొట్టే టార్చి, వేళ్లకి తొడుక్కునే పిల్లిచెవుల కీచైన్, విజిల్ ఉన్నాయి. అన్నీ మోసుకుంటూ పరిగెత్తలేకపోతున్నాను. ఏవి ఉంచను?

ముందు ఆ టార్చినీ, పిల్లిచెవుల్నీ మళ్లీ డబ్బాలో పెట్టేయండి. ఆ రెండూ అవతలివాడు మీ మీద పడ్డాక తప్ప పనికిరావు. అంత దగ్గరికి వచ్చినవాడు వాటిని మీ చేతిలోంచే లాక్కుంటాడు. వాడు ఇంకా పదడుగుల దూరంలో ఉండగానే పనిచేసేది, మీరు కాళ్లు ఆపకుండా వాడగలిగేది కావాలి మనకి.

ఆ లెక్కన మొదటిది సైరన్. పిన్ను లాగితే మోగే రకమే తీసుకోండి. బటన్ నొక్కే రకమైతే వాడు లాక్కుని మళ్లీ నొక్కి ఆపేస్తాడు. పిన్ను మీ చేతికే వచ్చేస్తే దాన్ని ఆపడం వాడి తరం కాదు. డబ్బా మీద 130, 140 డెసిబెల్స్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంత దూరం నుంచి కొలిచారో మాత్రం వెయ్యరు. దూరం రెట్టింపయినప్పుడల్లా మోత ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. పది సెంటీమీటర్ల దగ్గర 130 ఉన్నది పది మీటర్లు పోయేసరికి 90కి దిగుతుంది. అయినా మేడ మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చోవడానికి 90 చాలు. ఇళ్లే లేని దారిలో దాన్ని నమ్ముకోవద్దు, ఆ దారే మార్చుకోండి.

ఎక్కడ కట్టుకున్నారన్నది ఇంకా ముఖ్యం. జిప్పు వేసిన జేబులో ఉన్న సైరన్ ఇంట్లో ఉన్నట్టే లెక్క. నడుము పట్టీకి ముందు వైపు, బొడ్డుకి రెండంగుళాల పక్కన తగిలించండి. కళ్లు మూసుకుని ముందు కుడిచేత్తో, తరవాత ఎడమచేత్తో లాగి చూడండి. ఒక చెయ్యి వాడు పట్టుకుంటే మిగిలేది రెండోదే కదా! పక్కింటివాళ్లకి ముందుగా చెప్పి మరీ చెయ్యండి ఈ అభ్యాసం. నెలకోసారి మూత తీసి బిళ్ల బ్యాటరీలు చూడండి. చెమటకి రేకుల మీద పచ్చగా చిలుము పడితే సైరన్ కుయ్ మని ఊరుకుంటుంది.

విజిల్ విషయంలో నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఉద్యోగమంతా అది మెడలో వేసుకునే గడిపాను మరి. మీ కిట్‌లో విజిల్ని చెవి దగ్గర పెట్టి ఆడించండి. లోపల గోళీ గలగలమంటే పిల్లలకి ఇచ్చేయండి. ఉమ్ము తడికి ఆ గోళీ అతుక్కుపోతుంది. ఒక్కోసారి గట్టిగా ఊదితే అసలు కదలనే కదలదు. కబడ్డీ కోర్టులో అయితే చెయ్యెత్తి అరిచి సర్దుకుంటాం, రోడ్డు మీద ఆ వీలుండదు. కెనడాలో రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే బాస్కెట్‌బాల్ రిఫరీకి ఇదే తంటా వచ్చి, 1987లో గోళీయే లేని విజిల్ తెచ్చాడు. ఫాక్స్ 40 అంటే అదే. ఆ రకానివి ఇప్పుడు ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. తడిసినా మోగుతుంది, బ్యాటరీ అక్కర్లేదు. కాకపోతే పరుగులో ఊపిరి అందక ఆయాసపడుతున్నప్పుడు గట్టిగా ఊదడం కష్టం. అందుకే విజిల్‌కి రెండో స్థానం ఇచ్చాను.

ఇక కిట్‌లో లేనిది ఒకటుంది. ఆ కిట్ చేసినవాడు మగవాడి గురించి ఆలోచించాడు గానీ బండి గురించి ఆలోచించలేదు. 2023 జులైలో హైదరాబాదు బండ్లగూడ దగ్గర ఉదయం నడకకి వెళ్లిన తల్లీకూతుళ్లు కారు ఢీకొని చనిపోయారు. జనవరిలో మీ ఊళ్లో ఆరున్నర దాటితే గాని సూర్యుడు కనపడడు, ఐదింటికి కటిక చీకటి. నల్ల టీషర్టు, నల్ల ట్రాక్‌ప్యాంటు వేసుకుంటే డ్రైవరుకి మీరు లేనట్టే. వెనక ఎర్రగా మినుకుమనే చిన్న క్లిప్ లైటు, ముందు తెల్లది పెట్టుకోండి. వెలుగు పడితే మెరిసే పట్టీలు చీలమండలకి చుట్టుకోండి. పైకీ కిందికీ ఆడే మెరుపు చూడగానే మనిషని తెలిసిపోతుంది. అలాగని పట్టీలు ఒక్కటే నమ్ముకోవద్దు, హెడ్‌లైటు లేకుండా వచ్చే ట్రాక్టరు ముందు అవేం మెరుస్తాయి? రోడ్డుకి కుడి పక్కనే, ఎదురొచ్చే బండ్లు కనపడేలా పరిగెత్తండి. ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ వద్దు.

ఫోను చేతిలో పట్టుకోవద్దు. 2021 నవంబరులో కేబీఆర్ పార్కు దగ్గర వాకింగ్‌కి వెళ్లిన ఒక నటి మీద దాడి చేసినవాడు ఫోనే ఎత్తుకుపోయాడు. చుడీదార్‌లో పరిగెత్తేవాళ్లు బెల్టు కొననక్కర్లేదు. టైలరుతో ప్యాంటు నడుము వెనక, వీపు నడిమధ్యన జిప్పు జేబు కుట్టించుకోండి. అక్కడైతే ఫోను ఊగదు. పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కితే 112కి వెళ్తుందో సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ అన్నచోట ఈ రాత్రే చూసుకోండి. కొన్ని ఫోన్లకి మూడుసార్లు, కొన్నిటికి ఐదుసార్లు. పాత కీప్యాడ్ ఫోనైతే 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవాలి.

మిగిలింది పెప్పర్ స్ప్రే. దాని సంగతి కింది ఉత్తరంలో.

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. సాయంత్రం ఏడు తరవాత బీచ్ రోడ్డులో పరుగు. పెప్పర్ స్ప్రేకి లైసెన్సు కావాలా? గాలికి మన కళ్లలోనే పడదా?

లైసెన్సు అక్కర్లేదు. మీ ఒంటికి ఆపద వచ్చినప్పుడు కాపాడుకునే హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది. ఆపద లేకుండా, పార్కింగ్ దగ్గర గొడవైందని కొడితే మాత్రం కేసు మీ మీదే పెడతారు.

గాలి గురించి మీరు భయపడింది సరైనదే. పొగలా చిమ్మే రకం సముద్రపు గాలిలో పనికిరాదు, సగం మీకే వస్తుంది. సన్నటి ధారలా కొట్టే రకం, లేదా జెల్ తీసుకోండి. గాలి మొహాన కొడుతుంటే రెండడుగులు పక్కకి వేసి, మొహం కాస్త తిప్పి కొట్టాలి. ఒకటి కాదు, రెండు కొనండి. ఒకదాన్ని ఖాళీ జాగాలో ఒక గోడ మీద కొట్టి చూడండి. మూత ఎటు తిరుగుతుంది, ధార ఎంత దూరం పోతుంది, ఎన్ని క్షణాల్లో అయిపోతుందన్నది చేతికి తెలియాలి. లోపలున్నది మన మిరపకాయ సారమే. గుంటూరు మిర్చి యార్డులో ఒక గంట తిరిగొచ్చినవాళ్లకి దాని ప్రతాపం చెప్పక్కర్లేదు. పొరపాటున కంట్లో పడితే రుద్దొద్దు, కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేసి నీళ్లు ధారగా పోసుకుంటూనే ఉండండి.

డబ్బా మీద గడువు తేదీ చూడండి, అది దాటితే ధార చచ్చుబడుతుంది. ఎండాకాలం స్కూటర్ డిక్కీలో వదిలేయకండి. అన్నట్టు, స్ప్రే కొట్టాక నిలబడి చూడొద్దు. కొట్టడం అంటే పరిగెత్తడానికి టైము కొనుక్కోవడం. అక్కడ మీకు మించినవాళ్లు లేరు.

మాది తెనాలి. అమ్మాయి సెప్టెంబరులో ఇంగ్లండులోని కోవెంట్రీకి చదువుకి వెళ్తోంది. పొద్దున్నే పరిగెత్తడం దానికి అలవాటు. ఆవకాయ సీసాల పక్కన రెండు పెప్పర్ స్ప్రేలు సర్దాను. ఇంకేమైనా పంపమంటారా?

పంపడం తరవాత, ముందు సర్దినవి తీసేయండమ్మా. విమానంలో చేతిసంచిలో గానీ, పెద్ద పెట్టెలో గానీ పెప్పర్ స్ప్రే తీసుకెళ్లనివ్వరు. అంతకన్నా పెద్ద విషయం, బ్రిటన్‌లో అది నేరం. అక్కడి 1968 నాటి తుపాకుల చట్టంలో ఐదో సెక్షన్ కింద పెప్పర్ స్ప్రే నిషేధించిన ఆయుధం. ఆత్మరక్షణకే పెట్టుకున్నానన్నా వినరు. చదువుకోవడానికి వెళ్లిన పిల్లకి పోలీసు కేసు, వీసా చిక్కు అవసరమా?

సైరన్ మాత్రం నిక్షేపంగా పంపండి, దానికి అక్కడ అడ్డు లేదు. మన ఊరి లెక్కన చూస్తే అక్కడ అసలు సమస్య చీకటి. డిసెంబరులో పొద్దున ఎనిమిది దాటాక తెల్లారుతుంది, సాయంత్రం నాలుగుకే పొద్దుపోతుంది. నుదుటికి కట్టుకునే లైటు, మెరిసే జాకెట్ కొనుక్కోమనండి, అక్కడే నాణ్యమైనవి దొరుకుతాయి. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి పరుగు కుడి పక్కనే.

అక్కడ పోలీసు నంబరు 999. మాట్లాడలేని పరిస్థితి అయితే సెల్‌ఫోను నుంచి ఆ నంబరు చేసి, వాళ్లు అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకి కలుపుతారు. ఒక్కటి గుర్తుంచుకోమనండి, 55 నొక్కినంత మాత్రాన మనిషి ఎక్కడుందో వాళ్లకి దానంతటదే తెలిసిపోదు. శనివారం ఉదయం తొమ్మిదింటికి వార్ మెమోరియల్ పార్కులో పార్క్‌రన్ ఉంటుంది. ఐదు కిలోమీటర్లు, డబ్బు కట్టక్కర్లేదు, అన్ని వయసులవాళ్లూ వస్తారు. మొదటి వారమే వెళ్తే తోడు పరిగెత్తే నలుగురు అక్కడే దొరుకుతారు. ఆవకాయ ఉంచండి, సీలు మాత్రం గట్టిగా వేయించండి.

కొండాపూర్‌లో ఉంటాను. నా పరుగులన్నీ స్ట్రావాలో, అంటే పరుగు దారిని మ్యాపుతో సహా నలుగురికీ చూపించే యాప్‌లో, పెడతాను. ఎవరో తెలియని మనిషి "ఈవేళ ఇంకా బయటికి రాలేదేం?" అని కామెంట్ పెట్టాడు. మంచి జీపీఎస్ వాచ్ కొనుక్కుంటే భద్రంగా ఉంటుందా?

వాచ్ సంగతి తరవాత. ముందు ఆ కామెంట్ స్క్రీన్‌షాట్ తీసి, ఆ తరవాత అతన్ని బ్లాక్ చెయ్యండి. వరస మార్చకండి. బ్లాక్ చేశాక కామెంట్ కనపడకపోతే చూపించడానికి ఏమీ ఉండదు.

తరవాత ప్రైవసీ సెట్టింగ్స్. పరుగులు ఫాలోయర్లకే కనపడేలా పెట్టండి, ఫాలో కావాలంటే మీ అనుమతి అడిగేలా పెట్టండి. మ్యాపులో మొదలు, చివర దాచే వీలుంది, 1,600 మీటర్ల దాకా దాచవచ్చు. పూర్తిగా దాచండి, ఇంటి గుమ్మం లోకానికి ఎందుకు? 2018లో ఇదే స్ట్రావా హీట్‌మ్యాప్‌లో, అంటే అందరి పరుగు దారులూ కలిపి చూపే మ్యాపులో, సైనిక స్థావరాల దారులే బయటపడ్డాయి. ఇంకోటి, పరుగు అయిన వెంటనే కాకుండా రాత్రి పెట్టండి. వారానికి రెండుసార్లు టైమూ దారీ మార్చండి.

ఆడమనిషి ఇష్టం లేదని తెలిపినా వెంటపడటం, ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టుకుని ఉండటం న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమే. అతను ఇంకో పేరుతో మళ్లీ వస్తే ఆలోచించకుండా షీ టీమ్స్‌కి వెళ్లండి. పరిధి మాది కాదని ఏ స్టేషన్లోనైనా అంటే, పరిధితో పని లేకుండా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి.

వాచ్ మంచిదే గానీ, చాలా రకాలు పక్కన ఫోను ఉంటేనే సాయం కోసం కబురు పంపగలవు. ఇరవై ముప్పై వేలు పెట్టేముందు షాపువాణ్ణి అదే అడగండి. అంతదాకా వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటకి పెట్టి అక్కకో, రూమ్మేట్‌కో పంపండి. ఆవిడ లేచి చూసే మనిషై ఉండాలి. తొమ్మిది దాకా దుప్పట్లోంచి రానివాళ్లకి పంపి లాభం లేదు.

రాజమండ్రి. గొలుసు దొంగల భయం. తాళి తీసి వెళ్దామంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు.

బంగారం బీరువాలో పెట్టి, పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకోండి. అత్తగారు దానికి కాదనరు. సన్నటి గొలుసుని బైకు మీంచి లాగితే పోయేది బంగారం ఒక్కటే కాదు, మెడ కోసుకుపోతుంది, మనిషి రోడ్డు మీద పడుతుంది. ఇది అత్తగారికి చదివి వినిపించండి.

అనంతపురం. కుక్కలు తరుముతున్నాయి. అల్ట్రాసోనిక్ మిషను పనిచేస్తుందా?

నమ్మకం లేదు. ఒక కుక్క ఆగుతుంది, ఇంకోటి పట్టించుకోదు. పరుగు ఆపేయండి, వీపు చూపించకండి, కళ్లలోకి చూడకుండా మెల్లగా పక్కకి నడవండి. చిన్న కర్ర ఉంటే మీకూ దానికీ మధ్య అడ్డంగా పట్టుకోండి, కొట్టడానికి కాదు. కరిస్తే, గీరినా సరే, పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి ఆ రోజే సూదికి వెళ్లాలి. పసుపు, కారం పెట్టొద్దు. మొదటి సూదికే తగ్గిందని ఆపేయొద్దు, డాక్టరు రాసిన తేదీలన్నీ పూర్తి చెయ్యండి.

కర్నూలు నుంచి. మా చెల్లెలు పరిగెత్తుతుంటే తోడుగా నేను బైకు మీద వెనకాలే మెల్లగా వెళ్తున్నాను. అది రోజూ విసుక్కుంటోంది. నేను చేసేది తప్పా మేడం?

విసుక్కోదా బాబూ! వెనక నుంచి హెడ్‌లైటు, పొగ, ఫస్ట్ గేరు మోత. పైగా నువ్వెవరో తెలియనివాళ్లకి ఎవడో ఆడపిల్ల వెంట పడుతున్నట్టే కనపడుతుంది. ఆమె వెనక్కి తిరిగే చోటు ఎక్కడో కనుక్కుని, అక్కడ టీ కొట్టు దగ్గర ముందే వెళ్లి కూర్చో. ఎన్నింటికి అక్కడికి చేరుతుందో ఆమెనే చెప్పమను. పది నిమిషాలు దాటినా రాకపోతే ముందు ఫోను చెయ్యి, ఎత్తకపోతే బైకు తియ్యి.