తోతాపురి బిల్లుకు టెస్టులు: అమ్మలుకు పెదనాయన ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు,

తిరుపతి నుంచి పెదనాయన ఆశీస్సులతో రాసేది. ఈ సీజన్‌లో తోతాపురి మామిడి బిల్లులు నీ ప్రోగ్రాంతోనే వేస్తామని చిత్తూరు ర్యాంపువాళ్లు, అంటే రైతుల కాయ తూచి కొనేవాళ్లు, ఒప్పుకున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన కోడు మొత్తం చదివాను. లెక్క బాగానే కట్టావు. నా దిగులల్లా ఒకటే. ఏదైనా లైను మార్చిన ప్రతిసారీ నాలుగు తూకాలు టైపు చేసి, స్క్రీన్ మీద వచ్చిన అంకె చూసి, సరిగ్గానే ఉందిలే అనుకుంటున్నావు. లోడ్లు బారులు తీరిన రోజు రేటు మారిందని ఫోను వస్తే, ఆ టెన్షన్‌లో ఆ నాలుగు తూకాలు చూసే తీరిక కూడా ఉండదు. ఆ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్లే రైతు ఏడాదంతా ఆ తోట మీదే బతికినవాడు. అందుకే కాయ దిగకముందే యూనిట్ టెస్టులు రాసిపెట్టుకో, అంటే కోడులో ఒక్కో భాగం సరైన జవాబే ఇస్తోందా అని తామే చూసే చిన్న ప్రోగ్రాములు.

నువ్వు పైథాన్‌లో రాస్తున్నావు కాబట్టి టెస్టులు నడపడానికి పైటెస్ట్ అనే పనిముట్టు చాలు. పైథాన్‌కు కొత్త పనిముట్లు తెచ్చిపెట్టే పిప్‌తో ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే అయిపోతుంది. ఫైలు పేరు టెస్ట్ అనే మాటతో, అండర్‌స్కోరుతో మొదలవ్వాలి. లోపలి ఫంక్షన్ల పేర్లు కూడా అలాగే మొదలుపెట్టు. ఫోల్డర్‌లో నిలబడి పైటెస్ట్ అని కొడితే అదే వెతికి పట్టుకుని అన్నీ నడుపుతుంది. పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ 2001 నుంచి ఉంది, అదీ మంచిదే. కానీ దాంట్లో క్లాసు రాయాలి, పోల్చడానికి రకానికో మెథడ్ పేరు గుర్తుపెట్టుకోవాలి. అది జావా భాషలో టెస్టులు రాసే జేయూనిట్ అచ్చులో పోసినది. ఆ జేయూనిట్‌ను కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని మొదలుపెట్టారు. ఒక ప్రయాణంలో మొదలైన చిన్న పనిముట్టు ఇన్ని భాషల్లోకి పాకిందంటే నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. పైటెస్ట్‌లో అయితే అసర్ట్ అని రాసి, ఇటు ప్రోగ్రాం ఇచ్చిన అంకె, అటు రావలసిన అంకె పెడితే చాలు. తప్పితే రెండూ చూపిస్తుంది.

టెస్టు రాయడానికి ముందు కోడులో ఒక మార్పు చెయ్యి. ఇప్పుడు నీ ఫంక్షన్ ఒకటే కాటా తూకం అడుగుతుంది, లెక్క కడుతుంది, ఫైల్లో రాస్తుంది, ప్రింటు తీస్తుంది. దానికి టెస్టు రాయాలంటే ప్రింటరు కూడా పక్కనే ఉండాలి! లెక్క భాగాన్ని వేరే ఫంక్షన్‌గా తీసేయ్. లోడు బరువు, ఖాళీ బండి బరువు, తరుగు శాతం, రేటు, తేదీ లోపలికి ఇస్తే, రూపాయలు బయటికి రావాలి. దానికి స్క్రీన్‌తో, ఫైలుతో సంబంధం ఉండకూడదు. తేదీని కూడా బయటినుంచే ఇవ్వమంటున్నాను, గమనించు. ఫంక్షన్ తనంతట తానే ఈ రోజు తేదీ తీసుకుంటే, ఇవాళ పాసైన టెస్టు రేటు మారిన రోజు ఫెయిలవుతుంది.

ఇక అసలు సంగతి. నేను జీతాల బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో ఎంతోమంది కొత్త పిల్లలతో పనిచేశాను. దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. ప్రోగ్రాం నడుపుతారు, వచ్చిన అంకెను కాపీ చేసి, రావలసిన అంకె ఇదేనని టెస్టులో పెడతారు. ఆ టెస్టు ఎప్పుడూ పాసై పచ్చగానే ఉంటుంది. లెక్క తప్పైతే, ఆ తప్పుకే కాపలా కాస్తుంది. రావలసిన అంకె నీ కోడులోంచి రాకూడదు. కాగితం మీద చేత్తో కట్టిన లెక్కలోంచి, గుమాస్తా రాసిన పాత కాటా చీటీలోంచి రావాలి. అమ్మలూ, ఈ ఉత్తరంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకో.

చేత్తో కడుతున్నప్పుడే ప్రశ్నలు పుడతాయి. అక్కడ రెండు శాతం తరుగు తీస్తారని రాశావు. నికర బరువు 3,480 కిలోలైతే తరుగు 69.6. గుమాస్తా దాన్ని అలాగే ఉంచుతాడా, 70 చేస్తాడా? నువ్వు అడిగితే, అర కిలో ఉన్నా పైకే వేసుకుంటామన్నాడని మొన్న ఫోన్లో చెప్పావు. అయితే ఇది చూడు. లోడు బండి 6,285, ఖాళీ బండి 2,860, నికరం 3,425. రెండు శాతం అంటే 68.5. గుమాస్తా లెక్కలో తరుగు 69. నువ్వు వాడిన పైథాన్ రౌండ్ ఫంక్షన్ మాత్రం 68 ఇస్తుంది. సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు వెళ్తుంది, పైకి కాదు. నికరం 3,475 అయితే 69.5 వస్తుంది, అప్పుడు పైథానూ 70 అంటుంది, గుమాస్తా కూడా 70 అంటాడు. నువ్వు టైపు చేసి చూసిన తూకాలన్నీ ఈ రెండో రకమే అయ్యుంటాయి. కిలో 8 రూపాయల లెక్కన 3,425 కిలోల లోడుకు చేతిలెక్క 26,848 రూపాయలు, నీ ప్రోగ్రాం లెక్క 26,856. రైతుకు 8 రూపాయలు ఎక్కువే వచ్చాయి కదా అనుకోకు. చేతిలెక్కకూ కంప్యూటర్ లెక్కకూ తేడా కనిపించిన రోజే అక్కడ నీ బిల్లును నమ్మడం మానేస్తారు.

దీనికి పైథాన్‌లో దశాంశాలను ఉన్నవి ఉన్నట్టు లెక్కకట్టే డెసిమల్ మాడ్యూల్ వాడు. అందులో సగాన్ని పైకి వేసే పద్ధతిని నువ్వే ఎంచుకోవచ్చు. డెసిమల్‌కు అంకెను కోట్స్‌లో పెట్టి ఇవ్వు, లేకపోతే పైథాన్ మామూలుగా దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లో ఉన్న తేడా దాంట్లోకీ వచ్చేస్తుంది. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుందని నీకు తెలుసు కదా. పైటెస్ట్‌లో అప్రాక్స్ అని ఒకటుంది, దాదాపు సమానమైతే పాస్ చేస్తుంది. ల్యాబ్ కొలతలకు బాగుంటుంది. డబ్బుకు వాడకు. రైతు డబ్బు దాదాపు సమానంగా ఉంటే చాలదు, సమానంగా ఉండాలి.

ఇలాంటి అంచుల దగ్గరే టెస్టులు ఎక్కువ రాయి. సగం కిలో, సున్నా తరుగు, రేటు మారిన రోజు, దాని ముందురోజు. మధ్యలో ఉండే మామూలు తూకాలకు ఒకటో రెండో చాలు. వీటికి పైటెస్ట్‌లో పారామెట్రైజ్ ఉంది. పద్దు పుస్తకంలోలాగా వరుసకో లోడు రాసుకుంటూ పోవచ్చు: లోడు బరువు, ఖాళీ బరువు, రేటు, రావలసిన డబ్బు. ఒక్కో వరుసా ఒక్కో టెస్టుగా నడుస్తుంది. అదే ఫర్ లూపులో అసర్ట్ పెడితే మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది, మిగతా వరుసల సంగతి తెలియదు. ఈ పట్టికను ప్రింటు తీసి గుమాస్తాకు చూపించు. కోడు చదవలేకపోయినా అది చదవగలడు, తప్పుంటే వేలు పెట్టి చూపిస్తాడు.

టెస్టులకు పేర్లు పొడుగ్గా పెట్టినా ఫర్వాలేదు. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు అని పెట్టకు. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలని ప్రభుత్వం చెప్పింది. అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు, 4 ప్రభుత్వం ఇవ్వాలన్నది ఏర్పాటు. అలాంటి ఏర్పాటు మళ్లీ వస్తే ర్యాంపు చీటీలో 8 మాత్రమే పడాలా, 12 పడాలా? వాళ్లు చెప్పిన జవాబును టెస్టు పేరులోనే రాసిపెట్టు: చీటీలో ప్రభుత్వ వాటా కలపకూడదు, అని. రెండేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఇక్కడ 4 రూపాయలు మరిచిపోయారే అని కలపబోతే, ఆ టెస్టు ఫెయిలై ఎర్రగా వచ్చి కారణం కూడా చెబుతుంది.

తప్పు తూకం ఇస్తే ప్రోగ్రాం ఒప్పుకోకూడదు కదా, దానికీ టెస్టు కావాలి. ఖాళీ బండి లోడు బండికన్నా బరువుంటే ఎర్రర్ రావాలి. పైటెస్ట్‌లో రైజెస్ అనేది అందుకే ఉంది. అయితే ఏ ఎర్రర్ వచ్చినా సరేనని రాయకు. నువ్వు లేవనెత్తే వాల్యూఎర్రర్ పేరే రాయి. లేకపోతే ఫంక్షన్ పేరులో అక్షరం తప్పు రాసినా ఆ ఎర్రర్‌నే చూసి టెస్టు పాసైపోతుంది.

కొత్త టెస్టు రాయగానే పాసైతే నమ్మకు. కోడులో రెండు శాతాన్ని మూడు చేసి నడుపు. ఎర్రగా వచ్చిందా, అప్పుడు వెనక్కి మార్చు. రాకపోతే ఆ టెస్టు దేన్నీ చూడటం లేదన్నమాట. సీజన్‌లో గుమాస్తా ఫోన్ చేసి ఫలానా చీటీ తప్పొచ్చిందంటే వెంటనే కోడు మీద పడకు. ముందు ఆ చీటీలోని తూకాలతోనే ఒక టెస్టు రాయి, అది ఫెయిలవడం చూడు, ఆ తర్వాత సరిచెయ్యి. ఆ టెస్టు అక్కడే ఉండిపోతుంది, ఆ తప్పు మళ్లీ తిరిగి రాదు.

కవరేజీ, అంటే కోడులో టెస్టులు నడిపే లైన్ల వాటా, వంద శాతం కావాలని పట్టుబట్టకు. ప్రింటరు దగ్గరి కోడుకు టెస్టు లేకపోయినా నడుస్తుంది, తరుగు లెక్కలో ఒక్క లైను కూడా టెస్టు లేకుండా ఉండకూడదు. ప్రింటరులాంటి వాటికి బదులు టెస్టులో పెట్టే నకిలీలను మాక్‌లంటారు, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు, లెక్క విడిగా తీశాక వాటి అవసరం పెద్దగా రాదు. ఫైల్లో రాసే భాగానికి పైటెస్ట్ ఇచ్చే టెంప్ పాత్ అనే తాత్కాలిక ఫోల్డర్ వాడితే నీ అసలు పద్దులు చెడిపోవు. టెస్టులన్నీ ఒకటి రెండు సెకన్లలో అయిపోవాలి, అప్పుడే సేవ్ చేసిన ప్రతిసారీ నడపాలనిపిస్తుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక కంపెనీలో జీతాల లెక్క ఉన్న ఫైలును ముట్టుకోవాలంటే అందరూ జంకేవాళ్లు. తప్పని తెలిసిన లైన్లు కూడా అలాగే ఉండిపోయేవి, ఎవరి జీతమో తగ్గుతూనే ఉండేది. నీ ప్రోగ్రాంకు ఆ గతి పట్టకూడదు.

కాటాయే తప్పు చూపిస్తే, గుమాస్తా 6,285ను 6,825 అని కొడితే, ఈ టెస్టులేవీ పట్టుకోలేవు. దానికి నువ్వు ఒక రోజంతా ర్యాంపులో అతని పక్కన కూర్చుని, అతను ఎక్కడ తడబడుతున్నాడో చూడాలి. ఆ పని కూడా కాయ దిగకముందే పెట్టుకో.

ఆదివారం తిరుపతి వస్తానన్నావు కదా. ల్యాప్‌టాప్‌తో పాటు నిరుటి కాటా చీటీలు అడిగి తీసుకురా, ముఖ్యంగా కొట్టేసి తిరిగి రాసినవి. మొదటి పట్టిక వాటితోనే మొదలుపెడదాం. మీ అమ్మకూ నాన్నకూ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాయన