కొట్లో ‘మిలిటరీ ఆయన ఖాతా’

ప్రశ్న: సైన్యంలో 24 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. గిద్దలూరు దగ్గర పల్లె మాది. వయసు 62. పింఛను నెలకు 34 వేలు వస్తుంది. సొంత ఇల్లు, బ్యాంకులో 11 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉన్నాయి. అప్పుల్లేవు. 2020 లాక్‌డౌన్‌లో మా వీధిలో రెండిళ్లకు సరుకులు కొనిచ్చాను. ఇప్పుడవి ఆరిళ్లయ్యాయి. కొట్లో నా పేరున ఖాతా పెట్టాను, వాళ్లు తీసుకెళ్తారు, నెలాఖరున నేను కడతాను. మొదట్లో 4 వేలు అయ్యేది, పోయిన నెల 13 వేలు దాటింది. ఒక 5 లక్షలు విడిగా వేసి ఆ వడ్డీతో దీన్ని నడపొచ్చా? పన్నులో ఏమైనా తగ్గుతుందా? మిలిటరీ క్యాంటీన్‌లో కొంటే చవకవుతుందా? మా అబ్బాయి మానేయమంటున్నాడు. మీరు మాత్రం ఆ మాట చెప్పొద్దు.

జవాబు: చెప్పను హవల్దారుగారూ. అయితే మీరు పంపిన ఖాతా పేజీ ఫొటోను పెద్దది చేసుకుని వరసగా చదివాను. మొత్తం 13,180 రూపాయలు. అందులో 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు, వాటికే 5,600. కందిపప్పు, నూనె, చింతపండు సరే. మధ్యలో కూల్‌డ్రింకులు, షాంపూ, ఆరు బీడీ కట్టలు, ఎవరిదో ఫోన్ రీఛార్జి. ఏది ఎవరు తీసుకున్నారో లేదు. పైన ‘మిలిటరీ ఆయన ఖాతా’ అని మాత్రం ఉంది. వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. హద్దు లేని ఖాతా ఎవరింట్లోనైనా ఇలాగే పెరుగుతుంది. మా ఇంటి పాల కార్డు కూడా అంతే.

మీరు రాసిన ఖర్చులే చూద్దాం. ఇంటికి 17 వేలు, చీటీకి 5 వేలు, ఈ సరుకులకు 13 వేలు. కలిపితే 35. పింఛను 34. అంటే నెలకు వెయ్యి రూపాయలు ఇప్పటికే పొదుపులోంచి పోతున్నాయి. మీ అబ్బాయి భయం ఉత్తిది కాదు.

ముందు బియ్యం సంగతి. ఆరిళ్లలో ఐదింటికి రేషన్ కార్డుందని మీరే రాశారు. కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తాయి. అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. కోటా బియ్యం ముతకగా ఉన్నాయని కిలో పదికీ పన్నెండుకీ అమ్మేసుకునేవాళ్లు ఉన్నారు, ఆ విషయం నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ అమ్మేసిన బియ్యం స్థానంలో మీరు కిలో 56 పెట్టి సన్నబియ్యం కొనిస్తున్నట్టు లెక్క. ఒంటరిగా ఉండే ముసలమ్మకు 5 కిలోలు చాలవంటే మరో మూడు కిలోలు కొనివ్వండి, బస్తాలు మాత్రం ఆపండి. వాళ్లకు నిజంగా అందనిది పప్పు, నూనె, గుడ్లు. రెండు కిలోల కందిపప్పు, రెండు లీటర్ల నూనె, అరకిలో చింతపండు, ఉప్పు, కారం, ఒక అట్ట గుడ్లు. మీ కొట్టు ధరల్లోనే వేసి చూశాను, ఇంటికి వెయ్యికి అటూ ఇటూగా వస్తుంది. ఆరిళ్లకు 6 వేలు.

ఇక కార్డు లేని ఆ ఆరో ఇల్లు. ఆ ఇంటావిడ భర్త పింఛను రాకముందే సైన్యం నుంచి బయటికొచ్చిన సిపాయి అనీ, ఆమెకు 70 దాటాయనీ రాశారు. ఆమెకు సరుకుల సంచీ కన్నా అప్లికేషన్ ముఖ్యం. పింఛను లేని మాజీ సైనికులకు, హవల్దారు దాకా ఉన్న ర్యాంకులవారికి, వాళ్లు పోతే వాళ్ల భార్యలకు 65 దాటాక వేరే ఆదాయం లేకపోతే కేంద్రీయ సైనిక బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. నిన్నమొన్నటిదాకా 4 వేలు, 2025 నవంబరు నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు 8 వేలు చేశారు. డిశ్చార్జి బుక్, ఆధార్, పాస్‌బుక్ తీసుకుని ఆమెను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మీరే వెంటబెట్టుకెళ్లండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఆమె ఒక్కతే వెళ్తే తిరిగొస్తుంది. వేరే పింఛనేదైనా వస్తుంటే అక్కడ ముందే చెప్పండి. మీరు బస్సు ఛార్జీకి పెట్టే మూడు నాలుగు వందలు ఏడాదికి 96 వేలు తెచ్చిపెట్టొచ్చు.

క్యాంటీన్ జోలికి పోకండి. ఆ కార్డు మీకూ, మీ మీద ఆధారపడినవాళ్లకూ. వీధికంతా దాంతో కొంటే, లాభం తీసుకోకపోయినా, దుర్వినియోగం కిందే చూస్తారు. కార్డు బ్లాకయితే ఇంట్లో మాట పడేది మీరే.

పన్ను గురించి రెండు ముక్కలు. పొరుగువాళ్లకిచ్చే సరుకులకు ఆదాయపు పన్నులో విరాళాలకిచ్చే 80జి మినహాయింపు రాదు. అది గుర్తింపు ఉన్న సంస్థలకు డబ్బు రూపంలో ఇచ్చినప్పుడే, అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే. అయినా మీ పింఛను, వడ్డీ కలిపి ఏడాదికి 5 లక్షలు. కొత్త పద్ధతిలో మీకు పన్నే పడదు, ఇక మినహాయింపు దేనికి?

5 లక్షలు విడిగా వేయడం నాకు నచ్చలేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ప్రస్తుతం 8.2 శాతం ఇస్తున్నారు. 5 లక్షలకు మూడు నెలలకోసారి 10,250. నెలకు 3,400 చిల్లర. మీ ఖాతాలో అది పావు వంతు. మిగతా ముప్పావు మళ్లీ పింఛనులోంచే తీయాలి, ఐదు లక్షలేమో మీ శ్రీమతి చేతికి అందకుండా పోతాయి.

అశుభం పలుకుతున్నానని అనుకోకండి. మీకు 67 నిండేలోపు ఏదైనా జరిగితే ఆమెకు కొంతకాలం ఎక్కువ మొత్తమే వస్తుంది. ఆ తర్వాత కుటుంబ పింఛను మీ పింఛనులో సుమారు 60 శాతం. 34 వేలు కాస్తా 20 వేలవుతుంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డుంది కాబట్టి ఆసుపత్రి బిల్లు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు గానీ, రానూపోనూ ఖర్చు, తోడు వచ్చే మనిషి, అక్కడ దొరకని మందులు ముందుగా చేతి డబ్బే. ఆ 11 లక్షలు ఆమెవి అనుకోండి. డిపాజిట్ మెచ్యూర్ అయ్యాక 8 లక్షలు ఆ స్కీమ్‌లో ఆమెతో జాయింటుగా వేయండి, మూడు నెలలకు 16,400 వస్తుంది. 3 లక్షలు బ్యాంకులోనే ఉంచండి. ఇంకొకటి: పీపీవోలో, అంటే మీ పింఛను మంజూరు పత్రంలో, ఆమె పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఈ వారమే చూడండి. ఒక్క అక్షరం తేడాతో నెలల తరబడి తిరిగిన వీరపత్నులను చూశాను. సరిచేయించుకోవడం మీరున్నప్పుడే సులువు.

ఇప్పుడు సరుకులకు 6 వేలు. పింఛను పడ్డ రోజే ఆ డబ్బు వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి, కొట్టుకు అందులోంచే కట్టండి. ఒక నెల మిగిలితే అక్కడే ఉంటుంది, ఎవరికైనా జ్వరమొస్తే పనికొస్తుంది. అయిపోతే అయిపోయినట్టే, పింఛను ఖాతా తాకొద్దు. ఇంటికీ చీటీకీ పోగా మీకింకా 6 వేలు మిగులుతాయి.

కొట్లో పాత బాకీ తీర్చేసి పేజీ కొట్టేయించండి. సంచీలు మీరే కట్టించి పొద్దుపోయాక ఇచ్చి రండి. పదిమందిలో ‘మిలిటరీ ఆయన ఖాతాలో రాయి’ అనడం తీసుకునేవాళ్లకూ ఇబ్బందే. వాళ్లకు మీ లెక్కలన్నీ వివరించక్కర్లేదు, ఇకనుంచి సంచీ నేనే తెస్తానంటే చాలు. ఆ బీడీ కట్టల పెద్దాయనకు మాత్రం ముందుగా మీరే చెప్పండి, కొట్టాయన నోటినుంచి వినేదాకా ఆగొద్దు.