మంత్రి నిర్ణయం మీద హైకోర్టుకు: మీ చేతిలో రెండు వారాలు కూడా లేవు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా ఇంటి వెనక పొలంలో 200 ఇళ్లు కడతామన్న బిల్డర్ దరఖాస్తును కౌన్సిల్ తిరస్కరించింది. బిల్డర్ అప్పీలును మంత్రి తనే తీసుకున్నారు. విచారణ జరిపిన ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ (అప్పీలు విని నివేదిక ఇచ్చే అధికారి) వద్దని సిఫార్సు చేసినా ఆయన అనుమతి ఇచ్చేశారు. పదిహేనేళ్ల కష్టంతో కొన్న ఇల్లు. మా ఆవిడకు నిద్ర పట్టడం లేదు. ఎంపీ ద్వారా మంత్రిని కలిసి మళ్లీ చూడమని అడగవచ్చా? నిర్ణయం వచ్చి నెల దాటింది.

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం ఆ చివరి వాక్యం. 1990 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 288వ సెక్షన్ కింద హైకోర్టులో సవాలు చేయడానికి నిర్ణయం వెలువడిన మర్నాటి నుంచి 6 వారాలే గడువు. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చులే అనుకోకండి, ఇక్కడ అది చెల్లదు.

ఎంపీ మాట మర్చిపోండి. అప్పీలులో మంత్రి నిర్ణయమే అంతిమమని 79వ సెక్షన్ చెబుతోంది. మీ అర్జీకి మర్యాదైన జవాబు వస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది.

ఇన్‌స్పెక్టర్ మాట మంత్రి వినితీరాలని లేదు. ఇళ్ల అవసరానికి ఎక్కువ విలువ ఇచ్చారన్న వాదన కోర్టులో నిలవదు. కానీ 2000 నాటి విచారణ నిబంధనల్లో 17(5) ఉంది. వాస్తవం మీద ఇన్‌స్పెక్టర్‌తో విభేదించి, ఆ కారణంగా సిఫార్సును కాదనదలిస్తే, విచారణలో పాల్గొనే హక్కు ఉండి హాజరైనవారికి మంత్రి ముందే తెలిపి, రాతపూర్వకంగా చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. ఉదాహరణకు, అక్కడి రోడ్డు కొత్త ఇళ్ల ట్రాఫిక్‌ను తట్టుకోలేదని ఇన్‌స్పెక్టర్ రాస్తే, తట్టుకుంటుందని మంత్రి రాశారనుకోండి, అది వాస్తవం మీద విభేదం. నిర్ణయ లేఖ, ఇన్‌స్పెక్టర్ నివేదిక పక్కపక్కన పెట్టి పేరా పేరా చూడండి. విచారణ ముగిశాక కొత్త సాక్ష్యం ఏదైనా చేరిందేమో కూడా చూడండి.

మరి మీరు విచారణకు వెళ్లారా? మీరు పంపిన కాగితాల్లో సంతకాల పిటిషన్ కాపీ తప్ప మరేమీ లేదు. ఇంటి వెనక స్థలం మీద విచారణ జరుగుతుంటే సంతకంతో సరిపెట్టుకోవడం ఏమిటి? మిమ్మల్ని బాధిత వ్యక్తిగా, అంటే సవాలు చేసే హక్కున్నవారిగా, కోర్టు గుర్తించడమే అనుమానం. కౌన్సిల్‌ను గానీ, విచారణలో అభ్యంతరం చెప్పిన పొరుగువారిని గానీ ముందుకు రమ్మనండి.

ఈ వారమే ప్లానింగ్ బారిస్టర్‌ను కలవండి. ముందు కోర్టు అనుమతి పొందాలి. దావా వేసేటప్పుడే ఆర్హస్ ఖర్చుల పరిమితి (పర్యావరణ సంబంధ కేసుల్లో ఓడినవారు కట్టే ఖర్చులకు ఉండే హద్దు) కోరి, ఆర్థిక వివరాలు జతచేయండి. అప్పుడు ఓడినా ఒక వ్యక్తి అవతలివారికి కట్టేది మామూలుగా 5,000 పౌండ్లు దాటదు. గెలిచినా నిర్ణయం రద్దై తిరిగి మంత్రి దగ్గరికే వెళుతుంది. ఈసారి పద్ధతిగా నోటీసులిచ్చి ఆయన అదే అనుమతి ఇవ్వవచ్చు. అది తెలిసే ఖర్చు పెట్టండి.