మిరప నాణ్యత, సరఫరా సమన్వయం: చేరాలా, పై చదువుకు వెళ్లాలా?

నరసరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసింది. గుంటూరులో ఎండుమిరప ఎగుమతి చేసే సంస్థలో నాణ్యత, సరఫరా సమన్వయం చూసే ఉద్యోగం వచ్చింది. అది లారీలకు ఫోన్లు చేసే పనే అంటున్నారు. చేరమనాలా, ఎమ్మెస్సీకి పంపాలా?"

అయ్యా, ఆ మాట అన్నవారు పనిలో చిన్న భాగాన్నే చూశారు. యూరప్‌కు వెళ్లే ఎండుమిరపలో, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషాల్లో ఒకటైన అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు. ఈ విషాన్ని తయారుచేసే బూజు, కాయను మట్టి కల్లంలో ఆరబోసినప్పుడు, మంచు కురిసే రాత్రి పట్టా కప్పనప్పుడు, కాయ విరగకూడదని టిక్కీలకు (గోనె సంచులకు) తొక్కేముందు నీళ్లు చల్లినప్పుడు పెరుగుతుంది. విషం ఒకసారి చేరాక కోల్డ్ స్టోరేజీ దాన్ని తీసివేయలేదు, వంట వేడికీ అది పూర్తిగా పోదు. పైగా బూజు అన్ని కాయల్లో ఒకేలా ఉండదు కాబట్టి, ఒక్క టిక్కీలోంచి తీసిన నమూనా బాగుంటే లాట్ (ఒకటిగా కలిపి పంపే సరుకు) మొత్తం బాగున్నట్టు కాదు.

రైతు కల్లం దగ్గరే ఈ జాగ్రత్తలు చెప్పి, ఎవరి సరుకు ఏ లాట్‌లో కలిసిందో రాసిపెట్టి, తాలు కాయలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరించి, అన్ని వైపుల నుంచీ నమూనాలు తీయించి, ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా కంటైనర్‌ను కదలనివ్వకుండా చూసే మనిషే సమన్వయకర్త. బూజు ఎందుకు పెరుగుతుందో చదువుకున్న మీ అమ్మాయికి ఇంతకంటే దగ్గరి పని నాకు కనిపించడం లేదు.

అయితే చేరేముందు ఒక్క ప్రశ్న తప్పక అడగమనండి: నివేదిక బాగా లేనప్పుడు లాట్‌ను ఆపే అధికారం ఎవరిది? నాణ్యత విభాగం ఆపిన సరుకును కొనుగోలు విభాగం సంతకంతో పంపించే చోట ఆమె నేర్చుకునేది తక్కువ, మాట పడేది ఎక్కువ. ఇలాంటి చోట చేరి ఏడాదిలోపే మానేసిన విద్యార్థులను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్‌లో రాత్రి పొద్దుపోయేదాకా పని ఉంటుంది, కాబట్టి రాకపోకల ఏర్పాటు కూడా ముందే తెలుసుకోండి.

ఎమ్మెస్సీని వదులుకోమని నేను అనను. రెండు సీజన్లు పనిచేసి, ఈలోగా ఆహార భద్రత నిర్వహణ ప్రమాణమైన ఐఎస్‌ఓ 22000 శిక్షణ పూర్తిచేసి, ఆ తర్వాత మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీకి ప్రయత్నించడం మంచిది. అక్కడ చెప్పే పాఠాల్లో సగం ఆమె తన చేతులతో చేసి ఉంటుంది. లాట్‌ను ఆపే అధికారం నాణ్యత విభాగానిది కాదని సంస్థ చెబితే మాత్రం, ఈ ఏడాదే ఎమ్మెస్సీ ప్రవేశాలకు దరఖాస్తు చేయించండి.