రోయింగ్ మెషీన్ మీద టైమ్ తగ్గాలి, నడుము పట్టకూడదు. ఎలా?

మీరడిగింది ఇది: 2000 మీటర్లు 8 నిమిషాల లోపు పూర్తి చేయాలి, కానీ వేగం పెంచినప్పుడల్లా నడుము పట్టేస్తోంది, ఏం చేయాలి అని. ముందు మెషీన్ ఫ్యాన్ పక్కనున్న మీట చూడండి, దాన్నే డ్యాంపర్ అంటారు. 10 మీద ఉంటుంది, పందెం.

జిమ్‌లో ఆ డ్యాంపర్‌ని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే 10కే తోస్తారు. ఎక్కువ అంకె అంటే ఎక్కువ కసరత్తు అని నమ్మకం. అది ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో చూసే మూత, అంతే. బాగా తెరిస్తే చక్రం తొందరగా నెమ్మదిస్తుంది, ప్రతిసారీ దాన్ని మళ్లీ తిప్పే బరువు నడుము మీద పడుతుంది. 3 నుంచి 5 మధ్య పెట్టుకోండి. మీట ఎక్కడున్నా స్క్రీన్ మీ పవర్‌ని సరిగ్గానే లెక్కిస్తుంది, టైమ్ ఎక్కడికీ పోదు.

ఒకసారి మా జిమ్‌లో 2000 మీటర్ల పోటీ పెట్టారు. వరుసగా మెషీన్లు, గోడ మీద అందరి టైములు, చెవులు చిల్లులు పడే పాటలు (ఆ పాటలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, స్ట్రోక్, అంటే ఒక్కో లాగుడు, దాని లయని చెడగొట్టడానికి తప్ప). 1500 దాటాక నా కాళ్లు అయిపోయాయి. అప్పుడు సీటు వెనక్కి జారుతుంది గానీ హ్యాండిల్ కదలదు. కాళ్లు చేయాల్సిన పనంతా వంగిన నడుము చేస్తుంది. అది తెలియగానే ఆపేశాను. "ఇంకా 400 మీటర్లే కదా సార్!" అని ట్రైనర్ అరిచాడు. పక్క మెషీన్ మీద కుర్రాడు మాత్రం వీపు రొయ్యలా వంగిపోయినా చివరిదాకా లాగాడు. మంచి టైమే వచ్చింది, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కాళ్ల పట్టీలు విప్పుకోవడానికి వంగలేకపోయాడు, వేరేవాళ్లు విప్పారు. ట్రైనర్ అప్పటికే రెండో బ్యాచ్‌ని పిలుస్తున్నాడు.

అలసటకీ నొప్పికీ తేడా తెలియనివాళ్లు పక్కన నిలబడి అరవడమే మన జిమ్‌లతో పెద్ద సమస్య. మీ నడుము పట్టేయడానికి సగం కారణం అదే అంటాను.

ఇక టైమ్ సంగతి. 8 నిమిషాలంటే 500 మీటర్లకి 2 నిమిషాలు, అంటే సుమారు 203 వాట్లు. అదే 7:40 కావాలంటే 230. 500 మీటర్లకి 5 సెకన్లు తగ్గించడానికి 27 వాట్లు! వేగం కొంచెం పెరగాలంటే పవర్ అంతకు మూడింతలు పెరగాలి మరి. అది వారంలో గింజుకుంటే వచ్చేది కాదు. ఎక్కువ రోజులు నిమిషానికి 18-20 స్ట్రోక్‌లతో, మాట్లాడగలిగేంత నెమ్మదిగా చేయండి. గట్టిగా లాగే రోజులు వారానికి ఒకటి, మహా అయితే రెండు. గంట చేయాలనుకుంటే అరగంటకి లేచి కాస్త నడవండి. అలసిన నడుము దానంతటదే ఇంకా వంగుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. అందుకే పక్కనుంచి వీడియో తీయించుకోండి, అదీ చివరి నిమిషంలో. మొదటి నిమిషంలో అందరి వీపూ చక్కగానే ఉంటుంది.

నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరి వచ్చినా మెషీన్ ముట్టుకోకుండా డాక్టర్‌కి చూపించుకోండి. దగ్గినప్పుడో పక్కకి తిరిగి పడుకున్నప్పుడో పక్కటెముక దగ్గర పొడిచినట్టుంటే కూడా అంతే. రోయింగ్ చేసేవాళ్లకి పక్కటెముకల్లో సన్నటి పగుళ్లు రావడం మామూలే, దాని మీద లాగితే మానదు.