రేడియేషన్‌కు తోడు నానో కణాలు: ఏ పీజీ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉంది. క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ బలాన్ని నానో కణాలతో పెంచే పరిశోధనలోకి వెళ్తానంటోంది. నానోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేయించాలా, మెడికల్ ఫిజిక్స్‌లోనా?

జవాబు: అమ్మా, నన్నడిగితే మెడికల్ ఫిజిక్సే. ఎందుకో ఆ కణం చేసే పని చూస్తే తెలుస్తుంది.

బంగారం పరమాణు సంఖ్య 79. ఒంట్లోని మెత్తని కణజాలానికి అది సగటున 7 పైచిలుకు. తక్కువ శక్తి ఎక్స్-కిరణాలను పీల్చుకునే గుణం ఈ సంఖ్యతో పాటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే కణితిలో చేరిన బంగారు కణం కిరణాన్ని పట్టి, తన చుట్టూ ఎలక్ట్రాన్లను చిమ్ముతుంది. ఆ ఎలక్ట్రాన్లు పక్కనున్న క్యాన్సర్ జీవకణాలను దెబ్బతీస్తాయి. 2004లో అచ్చైన ఒక ప్రయోగంలో, 1.9 నానోమీటర్ల బంగారు కణాలు ఎక్కించి కిరణాలిచ్చిన చిట్టెలుకల్లో 86 శాతం ఏడాది తర్వాతా బతికున్నాయి. ఒట్టి కిరణాలిచ్చిన వాటిలో 20 శాతమే. ఇది చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది.

అయితే అక్కడ వాడినవి 250 కిలోవోల్టుల కిరణాలు. ఆసుపత్రుల్లో రేడియేషన్ ఇచ్చే యంత్రాలు, అంటే లీనియర్ యాక్సిలరేటర్లు, మామూలుగా 6 మెగావోల్టులు, ఆపైన ఇస్తాయి. ఆ శక్తి దగ్గర బంగారం చేసే మేలు బాగా తగ్గుతుంది. పైగా, ఎక్కించిన కణాల్లో కణితిదాకా చేరేవి చాలా కొద్ది. 2016లో పాత ప్రయోగాలెన్నో తిరగేసి చూస్తే ఆ మధ్యస్థ విలువ 0.7 శాతమే. కాబట్టి అవి ఎక్కడ, ఎంత చేరాయో కంటితో చూశాకే కిరణం వేయాలి. గాడోలినియం అనే లోహపు కణాలతో ఆ వీలుంది. అవి ఎమ్మారై తెరమీద తెల్లగా మెరుస్తాయి, కిరణాల బలాన్నీ పెంచుతాయి. ఆ తెల్లదనాన్ని డోసు లెక్కగా మార్చాలంటే రేడియేషన్, ఇమేజింగ్ రెండూ చేతికి రావాలి. ఆ రెండూ నేర్పే చదువు మెడికల్ ఫిజిక్స్. పరిశోధన కుదరకపోయినా రేడియోథెరపీ విభాగాల్లో ఉద్యోగముంటుంది. నానో వైపు పీహెచ్‌డీలో మళ్లొచ్చు.

కణాలను తయారుచేయడమే తనకిష్టమైతే మాత్రం నా సలహా వేరు. అప్పుడు మెటీరియల్స్ కెమిస్ట్రీ నయం.

ఏది ఇష్టమో తేల్చుకోవడానికి ఒక పని చెప్పండి. కిరణాలు పదార్థంలో ఎలా సాగుతాయో లెక్కగట్టే జియాంట్4 అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నీటిలో చిన్న బంగారు గోళం పెట్టి, ఒకసారి 100 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల కిరణం, ఇంకోసారి 6 మెగావోల్టుల కిరణం వేసి, చుట్టూ పడే డోసు పోల్చమనండి. మొదట్లో ప్రోగ్రాం మొండికేస్తుంది. రెండు వారాల తర్వాత కూడా దాన్ని వదలకుండా కూర్చుంటే, ఇక దరఖాస్తు పెట్టించండి.